బాకీ ఎక్కడ ఆగాలి? ఇస్లామిక్ క్రెడిట్ కార్డు గురించి నాలుగు మాటలు

మా గోదావరి జిల్లాల్లో వడ్డీని ఏడాది లెక్కన ఎవరూ చెప్పుకోరు. నెలకు నూటికి ఎన్ని రూపాయలన్నదే మాట. రూపాయి వడ్డీ అంటే తెలిసినవాళ్ల మధ్య మర్యాదగా నడిచేది. రెండు రూపాయలంటే మామూలు. మూడుకు తెచ్చారంటే అవసరం గట్టిదని ఊరందరికీ అర్థమైపోతుంది. ఐదు, పది అంటే కాల్ మనీ. ఆ గడప తొక్కొద్దని పెద్దవాళ్లు పిల్లలకు ముందే చెబుతారు.

ఇంత తెలిసినవాళ్లం క్రెడిట్ కార్డు తీసుకునేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న వేయం. మన దేశంలో చాలా బ్యాంకులు కార్డు బాకీ మీద నెలకు 3.5 శాతం చుట్టూ తీసుకుంటాయి. మా లెక్కలో అది మూడున్నర రూపాయల వడ్డీ. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయలు దాటుతుంది. ప్రోనోటు మీద నాలుగు రూపాయల వడ్డీ రాయమంటే మా కోనసీమ రైతు లేచి వచ్చేస్తాడు. అదే మనిషి మెరిసే కార్డు మీద సంతోషంగా సంతకం పెడతాడు. 2022లో రిజర్వు బ్యాంకు రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలపడానికి అనుమతించాక, కిరాణా కొట్లో క్యూఆర్ కోడ్ మీద కూడా ఈ అప్పు నడుస్తోంది.

నేను అమలాపురంలో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెబుతాను. క్రెడిట్ కార్డు పాఠం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "మేడమ్, గల్ఫ్‌లో ఇస్లామిక్ కార్డుకు వడ్డీ ఉండదట కదా, మరి ఆ బ్యాంకు ఎలా బతుకుతుంది?" ఇక్కడ ఆ ప్రశ్న పుస్తకంలోంచి వచ్చింది కాదు. రాజోలు, మలికిపురం, మామిడికుదురు వైపు కువైట్‌లోనో దోహాలోనో మస్కట్‌లోనో మనిషి లేని వీధి ఉండదు. ఖద్దామా వీసా మీద, అంటే ఇంటి పనికి, వెళ్లిన ఆడవాళ్లకు కార్డులు ఎవరూ ఇవ్వరు. కంపెనీ జీతం ఉన్న డ్రైవర్లకు, షాపుల్లో, ఆఫీసుల్లో పనిచేసే కుర్రాళ్లకు మాత్రం అక్కడి బ్యాంకులు ఫోన్లు చేసి మరీ అంటగడతాయి. వాళ్లలో హిందువులున్నారు, క్రైస్తవులున్నారు, మావాళ్లూ ఉన్నారు. నేను ముస్లింని. అయినా ఈ వ్యాసం ముస్లింల కోసం మాత్రమే రాయడం లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. మామూలు కార్డుకూ ఇస్లామిక్ కార్డుకూ అసలు తేడా ఎంత ఖర్చవుతుందన్న దాంట్లో లేదు. బాకీ తీర్చలేకపోయిన రోజున ఆ బాకీ ఏమవుతుందన్న దాంట్లో ఉంది. మొదటి కార్డులో అది పెరుగుతుంది. రెండో దాంట్లో, మాట నిలబెట్టుకున్న చోట, ముందే రాసుకున్న అంకె దగ్గర ఆగిపోతుంది. మాట నిలబెట్టుకోని ఇస్లామిక్ కార్డులూ ఉన్నాయి. వాటి సంగతీ చెబుతాను.

ముందు మన కార్డు. దాని ఒప్పందం చాలా సూటిగా ఉంటుంది. మీరు కొన్న వస్తువుకు బ్యాంకు డబ్బు కడుతుంది, అది మీకు అప్పు. బిల్లు మొత్తం గడువులోపు కట్టేస్తే నలభై ఐదు, యాభై రోజుల దాకా వడ్డీ లేదు. కొంచెం మిగిల్చినా ఆ వెసులుబాటు పోతుంది. గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. పాత బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికీ మొదటి రోజు నుంచే పడుతుంది. ఏటీఎంలో కార్డు పెట్టి రొక్కం తీస్తే గడువన్న మాటే లేదు, పైగా తీసినందుకు ఫీజు.

ఒక లెక్క వేద్దాం. 50,000 బాకీ ఉంది. కొత్తగా ఏమీ కొనడం లేదు. నెలకు వడ్డీ 1,750. దాని మీద జీఎస్టీ 315. మొత్తం 2,065. మినిమమ్ డ్యూ అంటే ఐదు శాతమే కదా అని నెలనెలా 2,500 కడుతున్నాం. అందులో అసలుకు పోయేది మొదటి నెల 435 రూపాయలు. ఏడాది తిరిగేసరికి 30,000 కట్టి ఉంటాం. బాకీ ఇంకా 43,400 చుట్టూ ఉంటుంది. ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు క్లాసు మొత్తం నిశ్శబ్దమైపోతుంది. ఎందుకంటే ఆ 2,500 కడుతున్నది వాళ్లలో కొందరి ఇంట్లోనే.

రిజర్వు బ్యాంకు ఏమీ చేయలేదని అనను. 2022 నాటి ఆదేశాల్లో రెండు మంచి మాటలున్నాయి. మినిమమ్ డ్యూ కట్టినా బాకీ పెరిగేట్టు ఉండకూడదన్నది ఒకటి. కట్టని ఫీజులను, పన్నులను అసలులో కలిపి వాటి మీద వడ్డీ వేయకూడదన్నది రెండోది. మినిమమ్ మాత్రమే కడుతూ పోతే తీరడానికి ఏళ్లు పడుతుందని బిల్లు మీద హెచ్చరిక కూడా రాయాలి. కానీ వడ్డీ రేటుకు అంకెల్లో గీత గీయలేదు. ఏడాదికి 30 శాతం మించి తీసుకోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది. రేటు సంగతి చూసుకోవాల్సింది రిజర్వు బ్యాంకే అన్నది దాని సారాంశం.

ఇక రెండో వైపు. ఖురాన్ రెండో అధ్యాయం 275వ వాక్యం వ్యాపారాన్ని అనుమతించి వడ్డీని నిషేధిస్తుంది. దీన్ని చాలామంది సగమే చదువుతారు. లాభం తప్పని అందులో లేదు. సరుకు అమ్మి లాభం తీసుకోవచ్చు, అప్పిచ్చి లాభం తీసుకోకూడదు. మరి ఐదు వాక్యాల తరువాత, 280లో, బాకీదారు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగేదాకా ఆగమని, వదిలేస్తే ఇంకా మంచిదని ఉంది. నా దృష్టిలో ఈ వాక్యమే మొత్తం విషయానికి ఇరుసు. కార్డులు అమ్మేవాళ్ల కరపత్రాల్లో 275 కనిపిస్తుంది. 280 కనిపించదు.

దీన్ని నేను అరబిక్ పుస్తకాల కంటే ముందు మా అబ్బా, అంటే మా నాన్న, కొట్లో చూశాను. ఆయన రాజోలు దగ్గర ఎరువుల కొట్టు నడిపేవారు. యూరియా అయినా డీఏపీ అయినా బస్తాకు రెండు ధరలుండేవి. రొక్కానికి ఒకటి, సార్వా కోతలయ్యాక ఇచ్చేటట్లయితే ఇంకొకటి. రెండోది ఎక్కువ. రైతు రెండూ విని, తనకు నచ్చింది చెప్పేవాడు. చెప్పిన ధర చిట్టాలో పడ్డాకే బస్తా కొట్టు దాటేది. ఆ ఎక్కువ దేనికని చిన్నప్పుడు అడిగాను. "సరుకు నాది, నాలుగు నెలలు నా డబ్బు ఆగుతుంది, రాకపోతే నష్టం నాదే. అందుకు" అన్నారు. గల్ఫ్ బ్యాంకుల కాగితాల్లో మురాబహా అని పెద్దగా కనిపించే పద్ధతికి మూలం ఇంతే. మన డెల్టాలో మేత డీలరు దగ్గర రొయ్యల రైతు, పురుగుమందుల కొట్లో కౌలు రైతు రోజూ చేస్తున్నదే.

1996 నవంబరు తుఫాను వచ్చినప్పుడు కోతకొచ్చిన సార్వా పడిపోయింది. కొబ్బరి చెట్లు వేర్లతో సహా లేచిపోయాయి. ఆ ఏడు ఎవరూ బాకీ తీర్చే స్థితిలో లేరు. చాలా కొట్లలో అరువు ధర మీద సంక్రాంతి నుంచి రెండు రూపాయల వడ్డీ మొదలైంది. అంటే అప్పటిదాకా అమ్మకం అయినది ఆ రోజు నుంచి వడ్డీ అప్పుగా మారింది. మా అబ్బా చిట్టాలో అంకె మార్చలేదు. కొందరు దాళ్వాకు తెచ్చి ఇచ్చారు, కొందరు మరుసటి సార్వాకు. కొందరు ఇవ్వలేదు. ఆ నష్టం మా ఇంటి మీద పడింది, ఆ రెండేళ్లు ఇల్లు ఇరుకుగానే గడిచింది. ఆయన గొప్పతనం చాటడానికి ఇది చెప్పడం లేదు. ఆ పద్ధతికి ఒక ఖరీదు ఉందని చెప్పడానికి చెబుతున్నాను. అరువు ధర ఎక్కువగా ఉండటానికి కారణం ఆ నష్టభయమే. నష్టభయానికి ముందే ధర తీసుకున్నవాడు, నష్టం వచ్చాక మళ్లీ వడ్డీ అడిగితే ఒకే దానికి రెండుసార్లు తీసుకున్నట్టు.

సరుకు అమ్మకంలో ఇది కుదురుతుంది. కార్డులో ఎలా? బ్యాంకు మీకు బస్తా అమ్మడం లేదు. మీరు ఎక్కడో చెప్పులు కొంటే, ఇంకెక్కడో పెట్రోలు కొట్టిస్తే, ఆ కొట్టువాడికి డబ్బు కడుతుంది. షరియా, అంటే ఇస్లామిక్ ధర్మశాస్త్రం, ప్రకారం అది అప్పే, అప్పు మీద ఒక్క రూపాయి ఎక్కువ రాకూడదు. మరి బ్యాంకు ఎలా బతుకుతుందని మా పిల్లలు అడిగేది ఇదే. కొట్టువాడి దగ్గర తీసుకునే కమిషన్ రెండు రకాల కార్డులకూ ఉంది, దాన్ని పండితులు కూడా ఒప్పుకుంటారు. అది చాలదు. మిగతాది రాబట్టడానికి ఇస్లామిక్ బ్యాంకులు కనిపెట్టిన దారుల్లో కొన్ని నిఖార్సైనవి, కొన్ని కావు.

నిఖార్సైన దారి ఉజ్రా. కార్డు నడిపే పనికి ముందే రాసుకున్న ఫీజు తీసుకుంటారు. మీరు వాడుకున్న సొమ్ము మాత్రం వడ్డీ లేని అప్పు. వెయ్యి వాడినా పదివేలు వాడినా ఫీజు అంతే ఉండాలి. 2000లో రియాద్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ అనే ధర్మశాస్త్ర పండితుల సంస్థ ఈ విషయంలో స్పష్టంగా చెప్పింది. జారీకి, రెన్యువల్‌కు బ్యాంకుకు అయ్యే నిజమైన ఖర్చు మేరకు ఫీజు తీసుకోవచ్చు. రొక్కం తీసినప్పుడు స్థిరమైన ఫీజు పరవాలేదు, తీసిన మొత్తంలో శాతంగా తీసుకుంటే అది వడ్డీ. ఇంకో కఠినమైన మాట కూడా అంది. ఒప్పందంలో వడ్డీ షరతు ఉన్న కార్డు, గడువులోపే కట్టేస్తానన్న ఉద్దేశంతోనైనా, తీసుకోకూడదని. ఈ ఒక్క తీర్మానం వల్లే మావాళ్లలో కొందరు ఇక్కడ మామూలు క్రెడిట్ కార్డు ముట్టరు. కొందరు అవసరం కొద్దీ వాడుతూ నెలనెలా పూర్తిగా కట్టేస్తారు. ఎవరిది సరైనదో తేల్చే అర్హత నాకు లేదు.

ఉజ్రాలో పేచీ ఎక్కడొస్తుందంటే, ఫీజు బాకీతో పాటు పెరగడం మొదలైనప్పుడు. లిమిట్ పెద్దదైతే ఫీజు పెద్దది, బిల్లు పూర్తిగా కట్టిన నెల ఫీజు మాఫీ, కట్టని నెల ఫీజు పూర్తిగా. ఇలా ఒక్కో షరతు చేరుస్తూ పోతే చివరకు అది వడ్డీ చేసే పనే చేస్తుంది. పేరు చూసి కాదు, అంకె దేన్ని బట్టి మారుతోందో చూసి తేల్చుకోవాలి.

రెండో దారి తవర్రుఖ్. దోహాలో ఉన్న మా తమ్ముడు ఇలాంటి కార్డు కాగితాలు వాట్సాప్‌లో పంపి అడిగాడు: "ఆపా, నేను రాగి కొన్నట్టు సంతకం పెట్టమంటున్నారు. నాకెందుకు రాగి?" వాడు అడిగిన దాంట్లో న్యాయం ఉంది. జరిగేది ఇది. బ్యాంకు లోహమో మరో సరుకో కొని, వాయిదాల మీద మీకు ఎక్కువ ధరకు అమ్ముతుంది. మీ తరఫునే దాన్ని వేరొకరికి రొక్కానికి అమ్మేస్తుంది. వచ్చిన రొక్కం మీ ఖాతాలో పడుతుంది, కార్డు గీకితే అందులోంచి పోతుంది. మలేషియాలో దీనికోసం 2009లో ఒక ప్రత్యేక మార్కెట్టే పెట్టారు, అక్కడ ముడి పామాయిల్ ఇలా చేతులు మారుతుంది. మీరు రాగి చూడరు, పామాయిల్ చూడరు. మీరు వాడుకున్నంత మేరకే లాభం తీసుకుని మిగతాది రాయితీగా వదిలేస్తారు. కాబట్టి బిల్లులో నెలకింత శాతం "లాభం" అని కనిపిస్తుంది. గల్ఫ్‌లో కొన్ని ఇస్లామిక్ కార్డుల మీద ఈ లాభం రేటు పక్కనున్న మామూలు కార్డు వడ్డీకి ఇంచుమించు సమానంగా ఉంటుంది.

మలేషియాలో కార్డులు మొదలైన కొత్తలో మూడో దారి ఒకటి నడిచింది. బ్యాంకు మీకు ఏదో ఆస్తి వాయిదా మీద అమ్మి, అదే ఆస్తిని తక్కువ ధరకు రొక్కానికి మీ దగ్గర వెంటనే కొనేస్తుంది. వస్తువు కదలదు, ధరల తేడా బాకీగా మిగులుతుంది. గల్ఫ్ పండితులు దీన్ని ఒప్పుకోలేదు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

"పేరు మార్చిన వడ్డీయే కదా" అని నాతో వాదించేవాళ్లకు నేను సగం ఒప్పుకుంటాను. ఒప్పుకోవడానికి బయటివాళ్ల విమర్శ అవసరం లేదు. బ్యాంకులు ఒక పద్ధతిగా పెట్టుకుని నడిపే ఈ తవర్రుఖ్ చెల్లదని అదే ఫిఖ్ అకాడమీ 2009లో షార్జాలో తీర్మానించింది. అయినా వ్యాపారం ఆగలేదు. నా మతం పేరు పెట్టి అమ్ముతున్న కాగితం మీద ఎవరూ కొనని రాగి గురించి రాసి ఉంటే నాకు బాధ కలుగుతుంది. ఆ బాధ దాచుకోను.

మిగతా సగం ఎందుకు ఒప్పుకోనంటే, అమ్మకం అనే రూపం పెట్టుకున్నాక ఒక హద్దు వచ్చి తీరుతుంది. అమ్మిన ధర రాసి ఉంది. బాకీదారు ఎన్ని నెలలు వెనకబడినా బ్యాంకు ఆ ధర దాటి అడగడానికి వీల్లేదు. లాభం మీద లాభం వేయడానికీ వీల్లేదు. మామూలు కార్డు ఒప్పందంలో అలాంటి పై అంకె ఎక్కడా ఉండదు. వెతికి చూడండి. నెలసరి శాతం ఉంటుంది, రోజువారీ లెక్క ఉంటుంది, ఫీజుల పట్టిక ఉంటుంది. ఎంత దాటాక ఆగుతుందో ఉండదు.

ఆలస్యమైతే పడే పెనాల్టీ దగ్గర తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. మామూలు కార్డులో లేటు ఫీజూ బ్యాంకుదే, వడ్డీ కూడా బ్యాంకుదే. మీరు వెనకబడటం దానికి ఆదాయం. కాబట్టి మీరు పూర్తిగా కట్టేయకుండా, పూర్తిగా ఎగ్గొట్టకుండా, మధ్యలో ఊగుతూ ఉంటేనే దానికి ఎక్కువ లాభం. ఇస్లామిక్ పద్ధతిలో ఆలస్య రుసుము బ్యాంకు సొంత ఆదాయం కాకూడదు. వెంటపడి వసూలు చేయడానికి అయిన నిజమైన ఖర్చు తీసుకోవడానికి కొన్ని చోట్ల ఒప్పుకుంటారు, మిగతాది దానధర్మాలకు పోవాలి. బహ్రెయిన్‌లో 1991 నుంచి పనిచేస్తున్న ఆవోయిఫీ అనే సంస్థ రాసిన ప్రమాణాలూ ఈ దారిలోనే ఉంటాయి. పెనాల్టీ మీ జేబులోంచి పోతుంది, బ్యాంకు జేబులో పడదు. దీంతో బ్యాంకుకు మీ ఆలస్యం మీద ఆశ పోతుంది. అప్పుల వ్యాపారంలో ఇంతకంటే పెద్ద మార్పు నాకు కనిపించదు.

అలాగైతే డబ్బున్నవాడు కూడా కట్టడు కదా అంటారు. అందుకే షరియా ఇద్దరినీ వేరు చేస్తుంది. ఇబ్బందిలో ఉన్నవాడికి గడువివ్వమని ఖురాన్ చెబితే, కట్టగలిగీ తాత్సారం చేయడం దౌర్జన్యమని ప్రవక్త మాట ఉంది. మన కార్డు బిల్లుకు ఈ ఇద్దరూ ఒకటే. ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న కుర్రాడికీ, కొత్త బండి కొని బిల్లు పక్కన పెట్టిన పెద్దమనిషికీ ఒకే మూడున్నర రూపాయలు పడతాయి. ఆచరణలో ఇస్లామిక్ బ్యాంకులన్నీ ఇద్దరినీ వేరు చేసి చూస్తున్నాయా అంటే, చూడటం లేదు. కానీ వాటి దగ్గర ఆ మాట అడిగే హక్కు ఒప్పందంలోంచే వస్తుంది. మామూలు బ్యాంకు దగ్గర బతిమాలుకోవడమే మిగులుతుంది.

మద్యం దుకాణాల్లో, జూదం దగ్గర ఇస్లామిక్ కార్డు పనిచేయకుండా ఆపేస్తారు. ప్రకటనల్లో దీన్నే ముందు పెడతారు. నాకు ఇది చిన్న విషయం.

గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలకు మాత్రం ఒక సంగతి గట్టిగా చెప్పాలి. హలాల్ కార్డు కదా, కట్టకపోయినా ఏం చేస్తారులే అనుకోవద్దు. బాకీ పడితే దేశం దాటనివ్వకుండా ప్రయాణ నిషేధం పెట్టించే వీలు ఆ దేశాల్లో ఉంది. ఇస్లామిక్ బ్యాంకు బాకీ అయినా అది వర్తిస్తుంది. ఇక్కడ తల్లి మంచాన ఉంటే అక్కడ ఎయిర్‌పోర్టులో ఆగిపోవాల్సి వస్తుంది. ఇంకోటి, నెలనెలా పూర్తిగా కట్టేసేవాడికి స్థిరమైన ఫీజు ఉన్న ఇస్లామిక్ కార్డు కంటే ఏ ఫీజూ లేని మామూలు కార్డే చవకగా పడొచ్చు. ముస్లిం అయితే ధర ఒక్కటే చూడడు, అది వేరే విషయం. మిగతావాళ్లు లెక్క చూసుకోవాలి. సంతకానికి ముందు బ్యాంకు మనిషిని రెండే అడగండి: నేను ఆరు నెలలు కట్టలేకపోతే గరిష్ఠంగా ఎంత కట్టాలి, పెనాల్టీ ఎవరికి పోతుంది? మొదటిదానికి అంకె చెప్పకపోయినా, రెండోదానికి "బ్యాంకుకే" అన్నా, ఆ కార్డు మీద ఏ పేరున్నా అది మామూలు కార్డే. మా తమ్ముడు అడిగాడు. మొదటిదానికి అంకె రాలేదు. సంతకం పెట్టలేదు.

మలేషియా సంగతి ఒకటి చెప్పాలి, నా వాదనకు కొంచెం అడ్డొచ్చినా సరే. అక్కడ కేంద్ర బ్యాంకు కార్డు బాకీ మీద ఏడాదికి 18 శాతం మించకూడదని గీత గీసింది. మామూలు కార్డుకూ అదే, ఇస్లామిక్ కార్డుకూ అదే. మా లెక్కలో రూపాయిన్నర. అంటే మలేషియాలోని మామూలు వడ్డీ కార్డు కూడా మన కార్డు కంటే సగానికి సగం చవక. పేద బాకీదారును కాపాడటంలో మతం పేరు కంటే ప్రభుత్వం గీసే గీతకే ఎక్కువ బలం ఉందని దీన్నిబట్టి ఒప్పుకోవాల్సి వస్తోంది.

మరి మన దేశంలో? ఇక్కడ ఇస్లామిక్ బ్యాంకు లేదు, కాబట్టి ఇస్లామిక్ క్రెడిట్ కార్డూ లేదు. 1949 నాటి బ్యాంకింగ్ చట్టం బ్యాంకు సరుకు వ్యాపారం చేయకూడదంటుంది. మా అబ్బా చేసింది బ్యాంకు చేయడానికి వీల్లేదు. వడ్డీ లేని బ్యాంకింగ్‌కు అవకాశం ఇవ్వాలని రఘురామ్ రాజన్ కమిటీ 2008లో సూచించింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ఆలోచన వదిలేసినట్టు చెప్పింది. ఈ ఖాళీలోకి మోసగాళ్లు దూరారు. హలాల్ లాభాలంటూ డబ్బు పోగేసిన బెంగళూరులోని ఐ మానిటరీ అడ్వైజరీ 2019లో కూలిపోయినప్పుడు వేలాది ముస్లిం కుటుంబాలు దాచుకున్నదంతా పోగొట్టుకున్నాయి. కాబట్టి మన ఊళ్లలో ఎవరైనా హలాల్ కార్డు ఇప్పిస్తామని వస్తే అది లైసెన్సు ఉన్న బ్యాంకు పని కాదని తెలుసుకోండి.

ఇస్లామిక్ కార్డు వస్తుందని నేను ఎదురుచూడటం లేదు. బాకీ ఒక చోట ఆగాలన్న సూత్రం కావాలి, దానికి అరబిక్ పేరు అక్కర్లేదు. ఎందుకంటే అది ఈ నేల మీద ఒకప్పుడు చట్టంగా ఉంది. గోదావరి జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1938లో, రాజాజీ ప్రభుత్వం రైతుల రుణ విమోచన చట్టం తెచ్చింది. పాత అప్పుల మీద అప్పటికి పేరుకుపోయిన వడ్డీని కొట్టేసింది. రైతు అసలుకు రెండింతలు కట్టేసి ఉంటే, అది అసలు కింద కట్టినా వడ్డీ కింద కట్టినా, ఆ అప్పు పూర్తిగా తీరినట్టే అంది. ఆపై నడిచే వడ్డీ ఏడాదికి 6.25 శాతం బారువడ్డీ మించకూడదంది. ఆ చట్టం చేసినవాళ్లు ఖురాన్ చూసి రాయలేదు. ప్రోనోట్లు తిరగరాయించుకుంటూ పొలాలు పోగొట్టుకున్న రైతులను చూసి రాశారు.

ఆ సూత్రాన్ని కార్డు బాకీకి పెట్టి చూడండి. 50,000 బాకీకి నెలకు 2,500 చొప్పున 40 నెలలు కడితే లక్ష అవుతుంది. అసలుకు రెండింతలు. 1938 చట్టం లెక్కన ఆ రోజు చేతులు కడుక్కోవచ్చు. ఇవాళ మన కార్డు లెక్కన, అప్పటికీ 7,400 చుట్టూ బాకీ మిగిలే ఉంటుంది. నెల తప్పకుండా కట్టిన మనిషి సంగతి ఇది. మధ్యలో రెండు నెలలు తప్పినవాడి లెక్క నేను వేయలేదు.

కోర్టుకు వెళ్లి ఈ పాత చట్టం చూపించలేం. 1984లో బ్యాంకింగ్ చట్టంలో 21ఏ అనే సెక్షను చేర్చారు. వడ్డీ మరీ ఎక్కువన్న కారణంతో బ్యాంకు అప్పును ఏ కోర్టూ తిరగదోడకూడదని, రాష్ట్రాల రుణ విమోచన చట్టాలు దానికి అడ్డు కావని ఆ సెక్షను చెబుతుంది. అప్పట్లో బ్యాంకు తీసుకునే వడ్డీ ఊళ్లో వడ్డీ వ్యాపారి తీసుకునేదాని కంటే చాలా తక్కువ కాబట్టి ఎవరికీ అభ్యంతరం అనిపించి ఉండదు. ఇప్పుడు బ్యాంకు కార్డు వడ్డీ మా ఊరి రెండు రూపాయల వడ్డీని దాటి వెళ్లిపోయింది. రెండు రూపాయలకు అప్పిచ్చేవాడిని నిలదీయడానికి చట్టాలున్నాయి, మూడున్నర తీసుకునే బ్యాంకును నిలదీయడానికి లేవు.

వడ్డీ రేట్ల మీద ఆదేశాలిచ్చే అధికారం రిజర్వు బ్యాంకుకు ఉందని సుప్రీంకోర్టు తీర్పు తరువాత ఎవరికీ అనుమానం అక్కర్లేదు. కాబట్టి అడగాల్సింది దాన్నే. కార్డు బాకీ మీద వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి అసలుతో సమానమైన రోజున లెక్క ఆగిపోవాలి, ఆ తరువాత మిగిలిన అసలు వాయిదాల్లో కట్టించుకోవాలి. ఆలస్య రుసుము బ్యాంకు ఆదాయంలో కలవకూడదు. ఉద్యోగం పోయిందనో, ఆసుపత్రి పాలయ్యామనో రుజువు చూపినవాళ్లకు వడ్డీ నిలిపి గడువివ్వాలి. ప్రతి బిల్లు మీద, ఈ బాకీ కింద మీరు వాడుకున్నది ఎంత, ఇప్పటిదాకా వడ్డీగా కట్టింది ఎంత అన్న రెండు అంకెలు పక్కపక్కన తెలుగులో అచ్చు వేయాలి.